పాత జీపుకు ఇంటి దగ్గరే రంగు – తక్కువ ఖర్చుతో, శాస్త్రీయంగా
– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (రసాయన శాస్త్రం)

పాడేరు, చింతపల్లి, ఉట్నూరు వైపు తిరిగిన వారికి సర్వీసు జీపు గురించి వేరే చెప్పనక్కర లేదు. బస్సు ఆగిపోయిన చోట నుంచి జీపు మొదలవుతుంది. సంతకు పోయే వాళ్ళు, ఆసుపత్రికి పోయే వాళ్ళు, సెలవుల తర్వాత పెట్టె పట్టుకుని హాస్టలుకు తిరిగి వచ్చే పిల్లలు, అందరూ అందులోనే. ఇప్పుడు ఆటోలు, కొత్త రకం వ్యాన్లు ఎన్ని వచ్చినా, రాళ్ళ బాటల మీద ఇరవై, ముప్పై ఏళ్ళనాటి జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కొక్క జీపు మీద ఒక్కొక్క కుటుంబం బతుకుతోంది.

ఇంజను పాడైతే మెకానిక్కు బాగు చేస్తాడు. టైరు అరిగితే మార్చుకోవచ్చు. కానీ బాడీ తుప్పు పట్టి నేల చిల్లులు పడితే బండి విలువే పోతుంది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అక్కడ తుప్పు పట్టిన బాడీకి సమాధానం చెప్పుకోవడం కష్టం. షెడ్డులో పూర్తి పెయింటింగ్ చేయిద్దామంటే ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాలి. అందుకే చాలామంది దసరా ఆయుధ పూజకు నాలుగు రోజుల ముందు ఒక రంగు డబ్బా కొని తుప్పు మీదే పూసేస్తారు. పండుగ నాడు బండి మెరుస్తుంది. సంక్రాంతి నాటికి రంగు బుడగలు లేస్తుంది. మరుసటి వర్షాకాలానికి రేకు ఊడి చేతిలోకి వస్తుంది.

అలా కాకుండా, ఇంటి ముందు చెట్టు నీడలో, ఏడెనిమిది రోజుల శ్రమతో, కుంచె, రోలరు మాత్రమే వాడి జీపుకు నిలిచే రంగు వేసుకోవచ్చు. దానికి కావలసిన సిద్ధాంతమంతా మన పదవ తరగతి రసాయన శాస్త్రం పుస్తకంలోనే ఉంది. ఈ వ్యాసంలో ఆ సిద్ధాంతాన్నీ పనినీ కలిపి చెప్పే ప్రయత్నం చేస్తాను. మొత్తం సారాంశం ఒక్క మాటలో చెప్పాలంటే: డబ్బు తక్కువైనప్పుడు రంగులో తగ్గించుకోవచ్చు, గీకుడులో తగ్గించుకోకూడదు.

1. తుప్పు అంటే ఏమిటి?

ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పుట్టదు. పొడి గాలిలో మేకు తుప్పు పట్టదు. మరిగించి గాలి తీసేసి, పైన నూనె పోసిన నీటిలో మేకు తుప్పు పట్టదు. ఈ ప్రయోగం మనందరం చదువుకున్నదే.

నిజానికి తుప్పు ఒక చిన్న బ్యాటరీ. రేకు మీద ఒక నీటి బొట్టు పడిందనుకోండి. బొట్టు అంచున గాలి బాగా తగులుతుంది, మధ్యలో గాలి తక్కువ. గాలి తక్కువగా ఉన్న మధ్య భాగంలో ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. అంచు దగ్గర ఆక్సిజన్, నీరు కలిసి ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటాయి. మధ్యలో గుంట పడుతుంది, చుట్టూ ఎర్రటి తుప్పు పేరుకుంటుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు ఇంకా తేలికగా ప్రవహిస్తుంది కాబట్టి తుప్పు వేగం పెరుగుతుంది. సముద్రతీరపు ఊళ్ళలో బళ్ళు త్వరగా పాడయ్యేది ఇందుకే.

దీనిలో మనం గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. గాలి తక్కువ తగిలే చోటే ఇనుము ఎక్కువగా కరుగుతుంది. అనగా మడ్‌గార్డు కింద అంటుకున్న తడి మట్టి, రబ్బరు మ్యాటు కింద నిలిచిన నీరు, పగిలిన రంగు పొర అంచు కింద దాక్కున్న తేమ, ఇవే అసలు శత్రువులు. మా నాన్న నడిపే జీపుకు రంగు వేసినప్పుడు మొదట మ్యాటు ఎత్తి చూశాం. పైన పక్క రేకుల మీద రంగు బాగానే ఉంది. మ్యాటు కింద నేల మాత్రం రూపాయి బిళ్ళంత చిల్లులతో జల్లెడ అయింది. నాన్నకు తుప్పు సమీకరణం తెలియదు. స్పానరుతో రేకు మీద కొట్టుకుంటూ పోయి, ఖంగుమన్న చోట వదిలేసి, బొద్దుగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాడు. ఆ గీతల్లో ఒక్కటీ తప్పు కాలేదు. మీరు కూడా పని ఇలాగే మొదలుపెట్టండి. కంటిని నమ్మవద్దు, చప్పుడును నమ్మండి.

ఇంకొక విషయం. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని కాపలా కాస్తుంది. ఇనుము తుప్పు అలా కాదు. అది తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, బొరుసుగా ఉంటుంది, నీటిని పీల్చుకుంటుంది. అందుకే తుప్పు మీద పూసిన రంగును కింద నుంచి తుప్పే పైకి నెట్టేస్తుంది. బుడగలు రావడానికి కారణం రంగు నాసిరకం కావడం కాదు, కింద మిగిలిన తుప్పు.

2. రంగు పొరలు ఏం చేస్తాయి?

రంగు అలంకారం అనుకుంటాం. ఇనుము విషయంలో అది ముందుగా ఒక గోడ. గాలికీ నీటికీ ఇనుముకూ మధ్య గోడ. ఈ గోడలో మూడు వరుసలుంటాయి.

ప్రైమరు: ఇది ఇనుమును పట్టుకునే వరుస. చవకగా దొరికేది రెడ్ ఆక్సైడ్ ప్రైమరు. విచిత్రం ఏమిటంటే ఆ ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే, తుప్పుకు దగ్గరి చుట్టమే. కానీ అది ఇంకెంత మాత్రం మారదు కాబట్టి, జిగురులో కలిసి గోడలో ఇటుకలా నిలుస్తుంది. జింకు ఫాస్ఫేటు కలిసిన ప్రైమరు దొరికితే ఇంకా మేలు. అది గోడ కట్టడమే కాకుండా తుప్పు చర్యను కూడా నెమ్మదింపజేస్తుంది.

లప్పం: సొట్టలు, గీతలు పూడ్చడానికి మాత్రమే. దీనికి బలం లేదు.

పై రంగు: ఎండను, వానను, రాపిడిని ఓర్చుకునే వరుస.

ఒక్కో పూత ఆరిన తర్వాత సుమారు 25 మైక్రాన్ల మందం ఉంటుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే ప్రైమరు ఒకటి, రంగు రెండు పూతలు కలిపితే ఒక వెంట్రుకంత గోడ. ఇంత పలచని గోడ జీపును కొన్నేళ్ళు కాపాడాలంటే పునాది ఎంత శుభ్రంగా ఉండాలో మీరే ఆలోచించండి.

3. ఏ రంగు కొనాలి?

దుకాణంలో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి.

(అ) ఎన్.సి. రంగు: నైట్రోసెల్యులోజుతో చేసినది. థిన్నరు ఆవిరైపోతే చాలు, ఆరిపోతుంది. నిమిషాల్లో ఆరుతుంది కాబట్టి కుంచెతో వేయడం కుదరదు, గాలి మిషను కావాలి. తేమగా ఉన్న రోజు వేస్తే థిన్నరు ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి, గాలిలోని తేమ రంగు మీద చేరి తెల్లగా పాలిపోతుంది.

(ఆ) పి.యు. రంగు: రెండు డబ్బాలు కలిపి వాడేది. రెండూ కలిసి రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. మెరుపు, మన్నిక అన్నిటికంటే ఎక్కువ. కానీ దాని హార్డెనరులో ఐసోసైనేట్లు ఉంటాయి. ఈ సంగతి ఆరోగ్యం గురించిన భాగంలో చెబుతాను. ఇంటి దగ్గర ఇది వద్దు.

(ఇ) సింథటిక్ ఎనామిల్: కిటికీ ఊచలకు, గేట్లకు వేసేది ఇదే. ఇందులోని ఆల్కిడ్ జిగురు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి కుంచె గీతలు వాటంతట అవే సర్దుకుంటాయి. చవక. పల్లెటూరి దుకాణంలో కూడా దొరుకుతుంది. మన పనికి ఇదే తగినది.

ఎనామిల్ పై నుంచి లోపలికి ఆరుతుంది. కాబట్టి మందంగా పూస్తే పైన చర్మం కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, తర్వాత ముడతలు పడుతుంది. ఒక్క మందమైన పూత కంటే రెండు పలచని పూతలు ఎప్పుడూ మేలు.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. ఎనామిల్ మీద ఎన్.సి. రంగు గానీ ఎన్.సి. థిన్నరు గానీ పడకూడదు. ఆ థిన్నరు ఎనామిల్‌ను మెత్తబరచి ముడతలుగా లేపేస్తుంది. అందువల్ల బండి మీద ఉన్న పాత రంగు ఏమిటో ముందే తెలుసుకోండి. చిన్న గుడ్డను ఎన్.సి. థిన్నరులో తడిపి ఒక మూల అర నిమిషం అద్ది చూడండి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది ఎన్.సి. రంగు. ముడత పడి లేస్తే ఎనామిల్. ఏమీ కాకపోతే పి.యు. గానీ కంపెనీలో కాల్చి వేసిన రంగు గానీ అయి ఉంటుంది. ఈ పాత రంగుల్లో ఏదైనా సరే, గట్టిగా అంటుకుని ఉన్నంత వరకు గరుకు చేసి మీద సింథటిక్ ఎనామిల్ వేసుకోవచ్చు.

గట్టిగా అంటుకుని ఉందా లేదా? దానికీ పరీక్ష ఉంది. బ్లేడుతో రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు గీయండి. పైన సెల్లో టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. గళ్ళు టేపుతో పాటు ఊడి వస్తే ఆ భాగం మొత్తం గీకాలి. ఊడకపోతే ఆ పాత రంగును తీయనక్కర లేదు. ఈ ఒక్క పరీక్ష వల్ల రెండు రోజుల శ్రమ తగ్గవచ్చు.

4. ఎంత కావాలి? – ఒక లెక్క

దుకాణదారుని అడిగి కొనకండి. టేపుతో కొలిచి కొనండి. ఒక పొట్టి జీపుకు ఉదాహరణగా లెక్క చూద్దాం. కొలతలు చదరపు మీటర్లలో.

బానెట్: 1.2 × 1.0 = 1.20
ముందు మడ్‌గార్డులు రెండు: 2 × 0.6 = 1.20
ముందు జాలీ భాగం: 1.2 × 0.5 = 0.60
పక్క రేకులు బయటి వైపు: 2 × 1.8 × 0.6 = 2.16
పక్క రేకులు లోపలి వైపు: 2.16
వెనుక రేకు రెండు వైపులా: 2 × 1.4 × 0.5 = 1.40
నేల పై వైపు: 2.0 × 1.3 = 2.60
మొత్తం: 11.32

ఒక లీటరు రంగు ఎంత పరుచుకుంటుంది? దీనికి ఒక సూత్రం ఉంది. రంగులో ఆరిన తర్వాత మిగిలే పదార్థం ఘనపరిమాణంలో ఎంత శాతమో దానిని 10తో గుణించి, కావలసిన మందంతో (మైక్రాన్లలో) భాగించాలి. 40 శాతం మిగిలే రంగును 25 మైక్రాన్ల మందంతో వేస్తే 40 × 10 ÷ 25 = 16 చదరపు మీటర్లు. ఇది కాగితం మీది లెక్క. కుంచెకు, డబ్బాకు, గుంటలకు పోయేది పోగా లీటరుకు 10 అని లెక్క వేసుకోవడం మంచిది.

ప్రైమరు మొత్తం మీద ఒక పూత, ఇనుము బయటపడిన చోట రెండో పూత: సుమారు 17 చ.మీ., అంటే 2 లీటర్లు. పై రంగు రెండు పూతలు: 22.6 చ.మీ., అంటే రెండున్నర లీటర్లు. నేల కింది వైపు నల్ల ఎనామిల్ రెండు పూతలు: అర లీటరు. గాలి మిషనుతో వేస్తే సగానికి పైగా రంగు గాలిలో కలిసిపోతుంది కాబట్టి రెట్టింపు పైచిలుకు కొనవలసి వచ్చేది. కుంచె, రోలరు వల్ల ఆదా అయ్యేది మిషను అద్దె ఒక్కటే కాదని దీనివల్ల తెలుస్తుంది.

మిగతా సామగ్రి: గీకుడు బ్లేడు, వైరు బ్రష్షులు రెండు, 80, 120, 220, 400 నంబరు వాటర్ పేపర్లు, పాలియెస్టర్ పుట్టీ చిన్న డబ్బా, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన తుప్పు మందు, టర్పెంటైన్, నాలుగు అంగుళాల ఫోమ్ రోలరు, రెండు అంగుళాల మంచి కుంచె, అంటించే టేపు, పాత వార్తాపత్రికలు, రబ్బరు చేతి తొడుగులు, కళ్ళద్దాలు, దుమ్ము మాస్కులు.

5. పని క్రమం

వర్షాలు పోయి మంచు బాగా పడని రోజులు గానీ, వేసవి మొదట్లో గానీ పెట్టుకోండి. రేకు చల్లగా ఉంటే దాని మీద కంటికి కనబడని తేమ చేరుతుంది. గాలిలో మంచు కట్టే ఉష్ణోగ్రత కంటే రేకు కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలనేది పెయింటింగ్‌లో నియమం. ఆచరణలో అంటే, ఉదయం మంచు పూర్తిగా ఆరిన తర్వాత తొమ్మిది, పదింటికి మొదలుపెట్టి మూడు గంటలకల్లా పూత ముగించాలి. మండుటెండలో కాలే రేకు మీద కూడా వేయకూడదు. నీడ కావాలి.

మొదటి రోజు – విప్పడం, కడగడం: బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసేయండి. సీట్లు, మ్యాట్లు, లైట్లు, అద్దాలు విప్పండి. విప్పిన బోల్టులను వేర్వేరు పొట్లాల్లో వేసి పేరు రాయండి. కింద మట్టి మొత్తం నీటితో కొట్టి వదిలించండి. గ్రీజు, డీజిలు మరకలను కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు నీటితో రెండుసార్లు కడగండి. జిడ్డు మిగిలిన చోట రంగు చేప కళ్ళలా విడిపోతుంది. నేలలో నీరు పోవడానికి ఉన్న రంధ్రాలను పుల్లతో పొడిచి తెరవండి. ఎట్టి పరిస్థితిలోనూ వాటిని పూడ్చవద్దు.

రెండు, మూడు రోజులు – గీకడం: స్పానరుతో కొట్టి గుర్తు పెట్టుకున్న చోట్లను బ్లేడుతో, వైరు బ్రష్షుతో, తర్వాత 80 నంబరు పేపరుతో మెరిసే ఇనుము కనబడే దాకా రుద్దండి. ఊడుతున్న రంగు అంచులను వాలుగా రుద్ది సమం చేయాలి. పాత రంగును రుద్దేటప్పుడు నీళ్ళతో తడిపి రుద్దండి, ఎందుకో తర్వాత చెబుతాను. ఇనుము బయటపడిన చోట వెంటనే తుడిచి ఆరబెట్టండి.

చిల్లులు పడిన చోట లప్పం పెట్టి మూసే పని చేయకండి. తుప్పు పట్టిన భాగాన్ని కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. బయటివారికి డబ్బిచ్చి చేయించవలసిన పని ఇదొక్కటే. మనుషుల కాళ్ళు ఆనే నేల ఇది. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం మందు పూయాలి. అది తుప్పుతో చర్య జరిపి ఐరన్ ఫాస్ఫేటుగా, నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. ఢిల్లీలోని మెహ్రౌలీ ఇనుప స్తంభం సుమారు 1600 సంవత్సరాలుగా నిలిచి ఉండడానికి కూడా ఫాస్ఫేటు పొరే కారణమని ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. మన జీపు రేకులో అది లేదు కాబట్టి మనం డబ్బాలో నుంచి తెచ్చి ఇస్తున్నాం. మందు డబ్బా మీద రాసిన ప్రకారం, కడగమంటే కడిగి, పూర్తిగా ఆరబెట్టండి.

అదే రోజు – ప్రైమరు: శుభ్రం చేసిన ఇనుమును రాత్రంతా ఉత్తగా వదలకూడదు. తెల్లవారేసరికి గోధుమ రంగు పొర వచ్చేస్తుంది. కాబట్టి ఒక రోజులో ప్రైమరు వేయగలిగినంత భాగాన్నే గీకండి. అతుకులు, మూలలు, బోల్టు రంధ్రాల అంచులు ముందు కుంచెతో పూసి, తర్వాత విశాలమైన భాగాలకు రోలరు వాడండి. తుప్పు ఎప్పుడూ అంచుల నుంచే మొదలవుతుంది.

నాలుగో రోజు – లప్పం: పాలియెస్టర్ పుట్టీలో హార్డెనరును డబ్బా మీద చెప్పిన పాళ్ళలోనే కలపండి. కొద్దికొద్దిగా కలుపుకోండి, పది నిమిషాల్లో గట్టిపడుతుంది. ఇది మెత్తటి ఎనామిల్ పూత మీద కంటే గరుకు చేసిన శుభ్రమైన ఇనుము మీద బాగా నిలుస్తుంది కాబట్టి సొట్ట ఉన్న చోట ప్రైమరు వేయకుండా వదిలి, అదే రోజు లప్పం పెట్టడం మంచిది. ఆరిన తర్వాత 120, ఆపైన 220 పేపరుతో పొడిగానే రుద్దండి. నీళ్ళతో రుద్దితే లప్పం నీటిని పీల్చుకుని అడుగున తుప్పు పుట్టిస్తుంది. రుద్దిన వెంటనే పైన ప్రైమరు పూయండి.

ఐదో రోజు – మొత్తం మీద ప్రైమరు: ఆరనిచ్చి, మరునాడు 400 పేపరుతో తేలికగా రుద్ది, తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఆరబెట్టండి.

ఆరు, ఏడు రోజులు – పై రంగు: రంగు వేయకూడని వాటిని కాగితం, టేపుతో కప్పండి: రబ్బరు గొట్టాలు, బ్రేకు భాగాలు, రేడియేటరు, సైలెన్సరు, లైట్ల గిన్నెలు, ముఖ్యంగా ఛాసిస్ నంబరు. ఆ నంబరును రుద్దకూడదు, లప్పంతో పూడ్చకూడదు. రవాణా శాఖ వారు దానిని చదవగలగాలి.

రంగును అడుగు నుంచి బాగా కలిపి, పాత నైలాన్ గుడ్డలో వడకట్టండి. పలచబరచడానికి టర్పెంటైన్ మాత్రమే, డబ్బా మీద రాసిన మేరకే. కిరోసిన్ వద్దు. అది పూర్తిగా ఆవిరి కాకుండా నూనె మిగిల్చి, రంగును రోజుల తరబడి జిగటగా ఉంచుతుంది. రోలరుతో రెండడుగుల మేర పరిచి, వెంటనే కుంచె కొనతో ఒకే దిశలో బరువు వేయకుండా లాగండి. బుడగలు పోయి నునుపు వస్తుంది. పరిచిన చోటికి మళ్ళీ వెళ్ళకండి. రాత్రంతా ఆరనిచ్చి, 400 పేపరుతో మెరుపు చంపి, తుడిచి, రెండో పూత వేయండి.

రెండు రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుంది గానీ, గట్టిపడడానికి వారం పైగా పడుతుంది. అంతవరకు సబ్బుతో కడగడం, లోపల మ్యాట్లు పరచడం చేయకండి.

ఒక సలహా. పూర్తి మెరుపు రంగు ప్రతి సొట్టనూ చూపిస్తుంది. మెరుపు తక్కువ ఉన్న రంగు లోపాలను దాస్తుంది. పాత బండికి, కుంచె పనికి రెండవది నప్పుతుంది.

6. ఆరోగ్యం, అగ్ని

మన పూర్వ విద్యార్థుల్లో కొందరు పెయింటింగ్ షెడ్లలో, ఆటోనగర్లలో పనిచేస్తున్నారు. ఈ భాగం ముఖ్యంగా వారి కోసం.

సీసం: పాత పసుపు, ఎరుపు రంగుల్లో సీసం సమ్మేళనాలు వాడేవారు. సింధూరం అని మనం పిలిచేది కూడా సీసం ఆక్సైడే, ఒకప్పుడు ఇనుప ప్రైమరులో అదే ప్రధానం. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది, అవి 2017 నవంబరులో అమల్లోకి వచ్చాయి. మన జీపు మీది పాత పూతలు అంతకు ముందువి. ఆ దుమ్ము చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాబట్టి పాత రంగును తడిపి రుద్దాలి, మాస్కు కట్టుకోవాలి, రాలిన పొట్టును కాగితం మీద పట్టి మూట కట్టాలి. వంటగది, బావి, పిల్లలు ఆడే చోటు దగ్గర ఈ పని చేయకూడదు. అన్నం తినే ముందు చేతులు సబ్బుతో కడగాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

ఐసోసైనేట్లు: పి.యు. రంగు కొట్టేటప్పుడు వచ్చే పొగమంచు పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఆయాసం వస్తుంది. ముక్కుకు కట్టుకున్న దస్తీ గానీ, దుమ్ము మాస్కు గానీ దీనిని ఆపవు. బయట నుంచి మంచి గాలి గొట్టం ద్వారా అందించే మాస్కు కావాలి. రోజూ ఈ పని చేసే తమ్ముళ్ళు యజమానిని అది అడిగి తీసుకోవాలి. పనికి వెళ్ళిన రోజుల్లోనే దగ్గు, పిల్లికూతలు వచ్చి, సెలవు రోజున తగ్గుతున్నాయంటే అది జలుబు అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించుకుని, చేసే పని ఏమిటో కూడా చెప్పాలి.

అగ్ని: టర్పెంటైన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. కొన్ని పాత జీపుల్లో ఇంధన ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. వెల్డింగ్ చేయించే ముందు ట్యాంకును విప్పించి దూరంగా పెట్టించండి. పని దగ్గర బీడీ, పొయ్యి ఉండకూడదు. ఎనామిల్ తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయకండి. ఆ రంగు ఆక్సిజన్ పీల్చుకుంటూ వేడిని విడుదల చేస్తుంది, కుప్పలో ఆ వేడి బయటకు పోలేక గుడ్డలు వాటంతట అవే అంటుకోవచ్చు. విడివిడిగా ఆరవేయండి లేదా నీళ్ళ బకెట్లో వేయండి.

7. చట్టం ఏమంటుంది?

రిజిస్ట్రేషన్ పత్రంలో బండి రంగు కూడా ఒక వివరం. ఉన్న రంగే మళ్ళీ వేస్తే ఇబ్బంది లేదు. మార్చాలనుకుంటే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, పత్రంలో మార్పు నమోదు చేయించుకోవాలి. జీపు అనగానే చాలామందికి మిలిటరీ ఆకుపచ్చ మీద మనసు పోతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే. మోజు పడి వేస్తే మళ్ళీ ఖర్చు పెట్టి తీయవలసి వస్తుంది.

8. ఎక్కడ తగ్గించవచ్చు? ఎక్కడ తగ్గించకూడదు?

తగ్గించదగినవి: గాలి మిషను, పి.యు. రంగు, అద్దంలాంటి మెరుపు, గట్టిగా ఉన్న పాత రంగును మొత్తం తీయడం, కనబడని సొట్టలకు లప్పం.

తగ్గించకూడనివి: గీకే రోజులు, ప్రైమరు, నేల వెల్డింగ్, మాస్కు, ఆరే సమయం.

మొదటి వరుసలోవన్నీ చూసేవాళ్ళ కోసం. రెండో వరుసలోవన్నీ బండి కోసం, అందులో కూర్చునే వాళ్ళ కోసం. ఆ తర్వాత కూడా వర్షాకాలం ముందు, తర్వాత ఏడాదికి రెండుసార్లు మ్యాటు ఎత్తి చూసి, రంగు లేచిన చోట అప్పటికప్పుడే గీకి ప్రైమరు, రంగు అద్దుతూ ఉంటే మళ్ళీ మొత్తం వేయవలసిన అవసరం చాలా ఏళ్ళ దాకా రాదు.

అభ్యాసం

జీపు లేదు కదా అని తమ్ముళ్ళు అనుకోవద్దు. మన అందరి మంచాల కింద ఇనుప ట్రంకు పెట్టె ఉంది. అది జీపు నేలకు చిన్న నమూనా. పెట్టె ఖాళీ చేసి, వార్డెన్ గారి అనుమతి తీసుకుని, పెద్దవాళ్ళు పక్కన ఉండగా ఆదివారం ఆరుబయట చేసి చూడండి.

1. మీ పెట్టె అడుగు భాగం, మూత – ఈ రెండింటిలో తుప్పు ఎక్కడ ఎక్కువ? నీటి బొట్టు ఉదాహరణతో కారణం రాయండి.
2. మూత మీద ఒక మూల సెల్లో టేపు పరీక్ష చేసి ఫలితం రాయండి.
3. పెట్టె బయటి వైశాల్యం కొలిచి, ప్రైమరు ఒక పూతకు, రంగు రెండు పూతలకు ఎన్ని మిల్లీలీటర్లు కావాలో లెక్క కట్టండి.
4. మూత కింది భాగాన్ని టేపుతో రెండుగా విభజించండి. ఒక సగం గీకి ప్రైమరు వేసి, రెండో సగం తుప్పు మీదే, రెండింటికీ ఒకే రంగు వేయండి. తేదీ రాసి పెట్టుకోండి. వచ్చే వార్షికోత్సవం నాటికి రెండు సగాలనూ పక్కపక్కన చూసి, తేడా వచ్చే ఏటి సంచికకు రాసి పంపండి.